అసలు, నకలు

తెలుగువాడు రోజుకు పదిసార్లయినా పలికే రెండు మాటలు మనకు ఉర్దూ ద్వారా వచ్చాయి. అవి 'అసలు', 'నకలు'. అసలు దస్తావేజు ఇంట్లో దాచి, నకలు కచేరీలో దాఖలు చేస్తాము. అసలు మనిషి రాకపోతే పని జరగదంటాము. ఈ మాటల పుట్టుక గురించి మన కళాశాల ఉర్దూ శాఖలోని మిత్రులను అడిగితే వారు చెప్పిన సంగతి నన్ను చాలా ఆలోచింపజేసింది. అరబ్బీ భాషలో 'అసల్' అనగా వేరు, మూలం. 'నకల్' అనే మాటకు మొదటి అర్థం ప్రతి తీయడం కాదట. ఒక చోటునుంచి మరొక చోటికి తరలించడమట. ఒక కాగితంమీది రాతను మరొక కాగితంమీదికి తరలిస్తాము కనుక ఆ మాటకు 'ప్రతి' అనే అర్థం తరువాత ఏర్పడింది.

జంతుశాస్త్రం తరగతిలో క్లోనింగు పాఠం వచ్చినప్పుడల్లా విద్యార్థులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "మాస్టారూ, క్లోను అసలా, నకలా?" ఆ ప్రశ్నకు తరగతి గదిలో గంట కొట్టేలోగా చెప్పగలిగిన జవాబు ఎప్పుడూ నాకు తృప్తినివ్వలేదు. ఈ సంచికలో కొంచెం విపులంగా చెప్పే అవకాశం కలిగింది. ఈ ప్రశ్నకు నా సొంత జీవితంతో కూడా సంబంధం ఉన్నది. ఆ విషయం తగిన చోట మనవి చేస్తాను.

ఒక ప్రాణినుంచి అచ్చంగా అటువంటి ప్రాణిని పుట్టించాలనే ఊహ మానవుడికి కొత్త కాదు. నేలమీద పడిన ప్రతి రక్తబిందువునుంచీ తనవంటి రాక్షసుడు లేచే రక్తబీజుని కథ మనకు తెలుసు. గాంధారి ప్రసవించిన మాంసపిండాన్ని ముక్కలుచేసి నేతికుండలలో పెంచిన కథ తెలుసు. ఇవి గొప్ప కల్పనలు. అయితే కల్పన వేరు, ప్రయోగం వేరు. కల్పనలో ఒక్కమారు తలచుకుంటే చాలు. ప్రయోగంలో రెండువందల డెబ్బైఆరుసార్లు ఓడిపోయి రెండువందల డెబ్బైయేడవసారి గెలవాలి. ఈ అంకె నేను ఊరికే వేయలేదు. దాని సంగతి ముందు రానున్నది.

'క్లోను' అనే మాట గ్రీకు భాషనుంచి వచ్చింది. దానికి అర్థం రెమ్మ, కొమ్మ. 1903లో హెర్బర్ట్ వెబ్బర్ అనే అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు విత్తనంతో పనిలేకుండా కొమ్మనుంచో, దుంపనుంచో, అంటునుంచో పెరిగే మొక్కల సమూహానికి ఈ పేరు పెట్టాడు. పేరు కొత్తదేగాని పని మన రైతులకు పాతదే. మన ఉత్తరాంధ్రకు పేరు తెచ్చిన సువర్ణరేఖ మామిడినే తీసుకోండి. ఆ పండు తిని టెంక పాతితే సువర్ణరేఖ వస్తుందనే నమ్మకం లేదు. తల్లిచెట్టు కొమ్మను తెచ్చి అంటు కడితేనే ఆ రంగు, ఆ రుచి నిలుస్తాయి. అనగా మన తోటల్లోని సువర్ణరేఖ చెట్లన్నీ ఎప్పుడో ఒకచోట మొలిచిన ఒకే ఒక చెట్టుకు రెమ్మలన్నమాట. అరటి పిలకా అంతే. పలాస ప్రాంతపు జీడితోటల్లో నేడు నాటే అంటుమొక్కలూ అంతే. కొబ్బరికి మాత్రం ఈ సౌకర్యం లేదు. దానికి పిలక లేదు, అంటు కుదరదు; కాయనే పాతాలి. అందుకే ఉద్దానంలో పక్కపక్కనే నిలిచిన రెండు కొబ్బరిచెట్లు కూడా ఒకలాగ కాయవు.

మొక్కలకు పరిమితమైన ఈ మాటను జంతువులకూ మనుషులకూ వర్తింపజేసి ప్రచారంలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు జె.బి.ఎస్. హాల్డేన్. ఈ మహానుభావుడికీ మన ప్రాంతానికీ ఉన్న సంబంధం మనలో చాలామందికి తెలియదు. 1892లో ఆక్స్‌ఫర్డులో పుట్టిన ఈ జన్యుశాస్త్రవేత్త 1957లో ఇంగ్లండును విడిచి భారతదేశానికి వచ్చాడు. ముందు కలకత్తాలో స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటులోనూ, 1962నుంచి భువనేశ్వరంలోనూ పనిచేశాడు. ఈ దేశ పౌరసత్వం తీసుకున్నాడు, లాల్చీ, పంచె కట్టాడు, మాంసం మానివేశాడు. ఆయన వద్ద పనిచేసి, తరువాత ఆయన జీవితచరిత్ర రాసిన ద్రోణంరాజు కృష్ణారావుగారు పిఠాపురంలో పుట్టినవారే. 1962లో లండనులో జరిగిన ఒక శాస్త్రగోష్ఠిలో రాబోయే పదివేల సంవత్సరాలలో మానవజాతికి కలుగగల మార్పులనుగూర్చి హాల్డేన్ ప్రసంగించాడు. అసాధారణ ప్రతిభ చూపిన వ్యక్తుల కణాలనుంచి వారి క్లోనులను పెంచవచ్చుననే ఊహను అక్కడే వెల్లడించాడు.

1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరంలో ఆయన కన్నుమూశాడు. తన దేహాన్ని వైద్యవిద్యార్థుల చదువుకోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇవ్వవలసిందని ముందే వీలునామా రాసిపెట్టాడు. ఆ ప్రకారమే జరిగింది. ఆయన అస్థిపంజరం నేటికీ ఆ కళాశాలలో భద్రంగా ఉన్నది. భువనేశ్వరంనుంచి కాకినాడకు పోయే కోస్తా రైలుదారి మన ఇచ్ఛాపురం, పలాస, శ్రీకాకుళం, విజయనగరాల మీదుగానే పోతుంది. క్లోను అనే మాటను లోకానికి అలవాటు చేసిన మనిషి చివరకు తెలుగుపిల్లల పాఠ్యవస్తువుగా మారడం నాకు అపురూపంగా తోస్తుంది.

ఇక శాస్త్రం. మన శరీరంలోని ప్రతి కణంలోనూ, ఎర్రరక్తకణాలవంటి కొన్నింటిని మినహాయిస్తే, ఒక కేంద్రకం ఉంటుంది. శరీరనిర్మాణానికి కావలసిన జన్యువులన్నీ అందులో ఉంటాయి. చర్మకణంలోనూ అవే, కాలేయకణంలోనూ అవే. అయితే చర్మకణం చర్మంగానే ఎందుకు ఉండిపోతుంది? అవసరంలేని జన్యువులను అది పారవేసిందా, లేక మూసి ఉంచిందా? క్లోనింగు చరిత్ర యావత్తూ ఈ ఒక్క ప్రశ్నకు జవాబు వెదకిన చరిత్రే.

జర్మనీ దేశస్థుడు హాన్స్ స్పెమాన్ 1902లో తన పసిబిడ్డ తలవెంట్రుకను ఉచ్చుగా ముడివేసి, రెండు కణాల దశలో ఉన్న సాలమాండరు పిండాన్ని నడిమికి విడదీశాడు. రెండు భాగాలూ రెండు పూర్తి ప్రాణులుగా ఎదిగాయి. ఎదిగిన కణంలోని కేంద్రకాన్ని తీసి, కేంద్రకం లేని అండంలో పెడితే ఏమవుతుందో చూడవలసి ఉన్నదని 1938లో ఆయనే సూచించాడు. ఆ ప్రయోగం చేయగల పనిముట్లు అప్పటికి లేవు. 1952లో అమెరికాలో బ్రిగ్స్, కింగ్ అనే ఇద్దరు కప్పపిండంలోని కేంద్రకంతో దాన్ని సాధించారు. ఆక్స్‌ఫర్డులో జాన్ గర్డన్ ఇంకా ముందుకు పోయి, తోకకప్ప పేగులోని కణాల కేంద్రకాలనుంచి పూర్తి కప్పలను పుట్టించి 1962లో ప్రకటించాడు. పేగుకణం ఏ జన్యువునూ పారవేయలేదని, మూసి మాత్రమే ఉంచిందని, అండంలోని ద్రవ్యం ఆ తాళాలను తెరవగలదని దీనితో రుజువైంది.

ఇక్కడ విద్యార్థులకు ఒక మాట. ఈ గర్డన్ ఈటన్ పాఠశాలలో చదివేటప్పుడు జీవశాస్త్రంలో తన ఈడువారందరిలోకీ కడపటివాడు. శాస్త్రజ్ఞుడు కావాలనుకోవడం హాస్యాస్పదమని 1949లో ఉపాధ్యాయుడు ప్రోగ్రెసు కార్డులో రాశాడు. ఆ కాగితానికి ఫ్రేము కట్టించి గర్డన్ తన గదిలో పెట్టుకున్నాడు. 2012లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. మార్కులు తక్కువ వచ్చినవారు దీన్ని గుర్తుంచుకోవలసిందే. మార్కులు వేసే మాబోటివారు ఇంకా ఎక్కువగా గుర్తుంచుకోవాలి.

కప్పలో కుదిరినది పాలిచ్చే జంతువులో కుదరదని చాలాకాలం అనుకున్నారు. 1996 జూలై 5వ తేదీన స్కాట్లండులోని రోస్లిన్ సంస్థలో ఇయాన్ విల్మట్, కీత్ కాంప్‌బెల్ బృందం చేతిలో 'డాలీ' అనే గొర్రెపిల్ల పుట్టింది. ఆరేళ్ల గొర్రె పొదుగునుంచి కణాన్ని తీసి, పోషకద్రవాన్ని తగ్గించి దానికి పస్తుపెట్టి, విభజన ఆగేటట్లు చేశారు. వేరొక జాతి గొర్రె అండంనుంచి కేంద్రకాన్ని తొలగించి, ఈ కణాన్ని దానితో విద్యుత్తు సహాయంతో కలిపారు. ఈవిధంగా 277 అండాలు తయారుచేస్తే 29 మాత్రమే పిండాలుగా ఎదిగాయి. వాటిని 13 గొర్రెల గర్భాలలో పెట్టారు. పుట్టినది ఒక్కతే డాలీ. ఉర్దూ మిత్రులు చెప్పిన 'నకల్' అర్థం ఇక్కడ నాకు గుర్తుకు వస్తుంది. శాస్త్రజ్ఞులు ఈ పద్ధతికి పెట్టిన పేరు కేంద్రక బదిలీ. అంటే తరలింపే.

డాలీ మామూలు పద్ధతిలోనే గర్భం ధరించి ఆరు పిల్లలను కన్నది. ఊపిరితిత్తుల జబ్బు ముదరడంతో 2003 ఫిబ్రవరి 14న దానికి నొప్పిలేని మరణం కల్పించారు. క్లోను కనుకనే త్వరగా ముసలిదైపోయిందని అప్పట్లో పెద్ద ప్రచారం జరిగింది. కాని ఆ జబ్బు ఒక వైరసువల్ల గొర్రెల మందలలో వచ్చేదే. డాలీ పుట్టిన కణజాలంనుంచే తరువాత పుట్టిన నాలుగు గొర్రెలను ఇంగ్లండులో పరీక్షించి, అవి ఆరోగ్యంగానే వార్ధక్యానికి చేరాయని 2016లో ప్రకటించారు.

మన దేశం ఈ విషయంలో వెనుకబడిలేదు. హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పాడిపరిశ్రమ పరిశోధన సంస్థలో 2009 ఫిబ్రవరి 6న ప్రపంచంలోనే చేతిపద్ధతిలో చేసిన మొదటి క్లోను గేదెదూడ పుట్టింది. అది కొద్దిరోజులే బ్రతికింది. అదే సంవత్సరం జూన్ 6న 'గరిమ' పుట్టి రెండేళ్లకు పైగా జీవించింది. 2010లో పుట్టిన రెండవ గరిమ 2013 జనవరి 25న 'మహిమ' అనే దూడను ఈనింది. 'చేతిపద్ధతి' అనడంలో ఒక విశేషం ఉన్నది. విదేశాలలో వాడే ఖరీదైన యంత్రాలకు బదులు, కబేళాలో సేకరించిన గేదె అండాలను సూక్ష్మదర్శినికింద సన్నని కత్తితో చేత్తోనే కోసి, కేంద్రకం ఉన్న భాగాన్ని తీసివేసేవారు. మిగిలిన రెండు చెక్కలనడుమ శరీరకణాన్ని ఉంచి అతికించేవారు. పేదదేశపు బడ్జెటులో పుట్టిన ఉపాయమిది.

ఆ విద్యను కర్నాల్‌లో నేర్చి, స్వస్థలానికి తీసుకుపోయి ఫలింపజేసిన డాక్టర్ రియాజ్ అహ్మద్ షా పేరు మన ఉర్దూ విభాగం విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. శ్రీనగర్ సమీపంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో 2012 మార్చి 9న ఆయన బృందం పష్మీనా మేకకు ప్రపంచంలో మొదటి క్లోనును పుట్టించింది. దానికి 'నూరీ' అని పేరు పెట్టారు. వెలుగు అనే అర్థంగల పేరు. 2023 మార్చి 16న కర్నాల్‌లోనే గిర్ ఆవుకు 'గంగ' అనే క్లోనుదూడ పుట్టింది.

మన తెలుగుదేశపు పశువుల సంగతి ఇంకొక రకం. మన ఒంగోలు జాతి సముద్రం దాటి బ్రెజిల్ చేరి, అక్కడ నెల్లూరు పేరుతో 'నెలోరే' అనిపించుకుని ఆ దేశపు మందలకు మూలమైంది. ఆ జాతి మేలైన పశువులకు అక్కడ క్లోనింగు కూడా జరుగుతున్నది. 2023లో 'వియాటినా' అనే నెలోరే ఆవులో మూడోవంతు హక్కు వేలంలో అమ్ముడుపోయిన ధరనుబట్టి దాని మొత్తం విలువ 40 లక్షల డాలర్లని లెక్కకట్టారు. అసలు మనవద్ద ఉన్నది. రెమ్మలు అక్కడ విరగబూశాయి.

క్లోనింగు చరిత్రలో విజయనగరానికి కూడా ఒక మూల చోటున్నదంటే మీరు ఆశ్చర్యపోవచ్చు. మన అడవుల్లో తిరిగే చిరుతపులి వేరు, చీతా వేరు. పాత నిఘంటువులలో 'సివంగి' అంటే వేటకు పెంచే చీతాయే. విజయనగరం రాజావారికి అటువంటి వేట చీతాలుండేవి. 1880లో విశాఖపట్నంలో గవర్నరుగారి ఏజెంటుగా ఉన్న ఇర్విన్ అనే దొర, రాజావారి చీతావల్ల తగిలిన గాయంతో మరణించినట్టు చరిత్రలో నమోదైంది. చీతా మనిషిని చంపిందనడానికి మన దేశంలో దొరికే అరుదైన ఉదాహరణ అది. మనుషుల చేతిలో చచ్చిన చీతాల లెక్క వేరు. 1947లో నేటి ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలోని కోరియా సంస్థానాధీశుడు మూడింటిని కాల్చాడు. 1952లో చీతా ఈ దేశంలో అంతరించిందని ప్రభుత్వం ప్రకటించింది.

2000 తరువాత హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రంలో డాక్టర్ లాల్జీ సింగ్ నాయకత్వాన చీతాను క్లోనింగుద్వారా తిరిగి తేవాలని ప్రతిపాదించారు. ఆసియా చీతాలు మిగిలిన ఒకే దేశం ఇరాను. ఒక జంటను పంపమని, లేదా వాటినుంచి కణాలు తీసుకోనిమ్మని కోరగా ఇరాను రెంటికీ ఒప్పుకోలేదు. అయినా ఆ కృషి వృథాపోలేదు. అంతరించిపోతున్న జంతువుల సంరక్షణకై హైదరాబాదులో ఏర్పాటైన ప్రయోగశాలలో కృత్రిమ గర్భధారణద్వారా 2006లో 'స్పాటీ' అనే చుక్కలదుప్పి పిల్ల, మరుసటి సంవత్సరం ఒక కృష్ణజింక పిల్ల పుట్టాయి. 2007లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాంగారు ఆ ప్రయోగశాలను జాతికి అంకితం చేశారు. చివరకు 2022 సెప్టెంబరు 17న ఆఫ్రికాలోని నమీబియానుంచి తెచ్చిన చీతాలను మధ్యప్రదేశ్‌లోని కూనో అడవిలో విడిచారు.

అంతరించిన జంతువును కణంనుంచి లేపడం సాధ్యమా? స్పెయిన్‌లో అంతరించిన ఒక కొండమేక జాతికి 2003లో క్లోను పుట్టి, ఊపిరాడక కొన్ని నిమిషాలకే చనిపోయింది. ఒక జాతి రెండుసార్లు అంతరించడం అదే మొదలు. అమెరికాలో మాత్రం 1988లో చనిపోయిన నల్లకాళ్ల ఫెరెట్ అనే ముంగిసవంటి జంతువు కణాలను శీతలీకరించి దాచి, వాటినుంచి 2020 డిసెంబరులో ఒక పిల్లను బ్రతికించుకోగలిగారు. కణాన్ని దాచవచ్చు. గడ్డిమైదానాన్ని, అందులోని జింకలను సీసాలో దాచలేము. చీతా పోయినది కణాలు చాలక కాదు, చోటు చాలక.

ఇక మొదటి ప్రశ్నకు వస్తాను. క్లోను నకలేనా? 2001 డిసెంబరులో అమెరికాలో మొట్టమొదటి క్లోను పిల్లి పుట్టింది. తల్లిపిల్లి ఒంటిమీద తెలుపు, నలుపు, నారింజ రంగుల మచ్చలున్నాయి. క్లోనుకు నారింజ రంగు రానేలేదు. ఆడపిల్లి ప్రతి కణంలోనూ రెండు ఎక్స్ క్రోమోసోములలో ఒకటి మూతబడి ఉంటుంది. క్లోనుకు తీసిన కణంలో నారింజ రంగు జన్యువున్నది మూతబడింది. అది మరల తెరుచుకోలేదు. పైగా కేంద్రకం ఒక తల్లిదైనా, అండంలోని మైటోకాండ్రియాలు మరొక తల్లివి. గర్భం మూడవ తల్లిది. జన్యువులలోనే ఇంత తేడా ఉంటే పెంపకం మాట చెప్పనక్కరలేదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తినాయుడుగారి కణంనుంచి క్లోనును చేస్తే కండ పెరిగే గుణం రావచ్చు. విజయనగరం వ్యాయామశాలలో ఆయన తీసిన బస్కీలు రావు. ద్వారం వెంకటస్వామినాయుడుగారి క్లోనుకు వేళ్లు వస్తాయి, సాధన రాదు. హాల్డేన్‌వంటి మేధావి ఊహకు నా అల్పబుద్ధికి తోచే అభ్యంతరం ఇదే.

ఈ మాట పుస్తకాలు చదివి మాత్రమే చెప్పడం లేదు. నేనూ ఒక క్లోనునే.

ఉద్దానంలోని ఒక పల్లెలో మా అమ్మకు మేమిద్దరం ఒకే కాన్పులో, ఒకే అండంనుంచి పుట్టాము. ఇరవై నిమిషాలు ముందు పుట్టినందుకు నేను అన్ననయ్యాను. స్పెమాన్ వెంట్రుకతో చేసిన పనిని ప్రకృతి మా అమ్మ కడుపులో చేసింది. చిన్నతనంలో మమ్మల్ని గుర్తుపట్టడానికి అమ్మ నా మొలతాడుకు ఎర్రపూస కట్టింది. పదేళ్ల వయసులో నన్ను చదువుకని విజయనగరంలోని మేనమామగారింటికి పంపారు. తమ్ముడు నాన్నతో తోటలో ఉండిపోయాడు. ఇద్దరం ఒకే విత్తనం, నేలలు వేరైపోయాయి. నేను నీడపట్టున సుద్దముక్క పట్టాను. వాడు ఎండలో జీడిపిక్కలు ఏరాడు, కొబ్బరికాయలు మోశాడు. ముప్పైయేళ్లు వచ్చేసరికి మా ఇద్దరినీ గుర్తుపట్టడానికి ఎర్రపూస అవసరంలేకపోయింది. ఒకసారి రేషను డిపోలో డీలరు వేడుకకు వాడి కార్డుమీద నా వేలు పెట్టించి చూశాడు. యంత్రం ఒప్పుకోలేదు. ఒకే అండపు కవలలకైనా వేలిముద్రలు వేరుగానే ఉంటాయి. అవి గర్భంలో ఎవరి కదలికనుబట్టి వారికి ఏర్పడతాయి.

ముప్పైయెనిమిదో ఏట వాడి కాళ్లు వాచాయి. రక్తంలో క్రియాటినిన్ చూస్తే రెండు మూత్రపిండాలూ అప్పటికే దెబ్బతిన్నాయని తేలింది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ప్రాంతాలలో ఈ జబ్బు ఎన్ని ఇళ్లను దీపాలు లేనివిగా చేసిందో మన విద్యార్థులలో చాలామందికి నేను చెప్పనక్కరలేదు. నీరా, ఎండలో ఒళ్లు ఎండిపోవడమా, మందులా, లోహాలా అని ఎందరో పరిశోధించినా ఇదే కారణమని ఇంతవరకు తేలలేదు. నా మూత్రపిండాలు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. ఒక్క జంటను చూసి సిద్ధాంతం చేయరాదని నాకు తెలుసు. కాని జన్యువులు ఒకటే అయినప్పుడు మనిషి బ్రతికే నేల, నీరు, పని ఎంత నిర్ణయిస్తాయో ఆ రెండు రక్తపరీక్షల కాగితాలను పక్కపక్కన పెట్టుకున్ననాడు నాకు తెలిసినంతగా ఏ పుస్తకమూ తెలుపలేదు.

వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కు తీసుకుపోతూ ఏడాది గడిపాము. మార్పిడి మాట రాగానే ఇంట్లోవాళ్లందరి చూపులూ నా వైపు తిరిగాయి. "నువ్వూ వాడూ ఒకటే కదరా, నీది తీసి వాడికి పెడితే వాడిది వాడికి పెట్టినట్టే," అన్నది అమ్మ. శాస్త్రం దృష్ట్యా ఆ మాట అక్షరాలా నిజం. 1954 డిసెంబరులో అమెరికాలోని బోస్టన్ నగరంలో డాక్టర్ జోసెఫ్ మర్రే ప్రపంచంలో మొదటి విజయవంతమైన మూత్రపిండ మార్పిడి చేసినది ఒకే అండపు కవలలైన హెర్రిక్ సోదరుల మధ్యనే. పరాయి కణాన్ని గుర్తించి తరిమివేసే శరీరం, కవలవాడి కణాన్ని తనదే అనుకుని ఊరుకుంటుంది. నేను తరగతిలో ఎన్నోసార్లు చెప్పిన పాఠం అది.

కాని ఆ పాఠం నా శరీరంమీదికి వచ్చేసరికి నాకు భయం వేసింది. నాకు ఇద్దరు పిల్లలున్నారు. నా భార్య ఏమీ అనలేదు. అనకపోవడమే పెద్ద మాటగా తోచింది. తమ్ముడైతే మొదట ససేమిరా ఒప్పుకోలేదు. "నీ పిల్లలకు నువ్వు కావాలన్నయ్యా," అన్నాడు. ఆసుపత్రిలో నన్ను ఒంటరిగా ఒక గదిలో కూర్చోబెట్టి ఒక పెద్ద డాక్టరుగారు అడిగిన మాటలు నాకు నేటికీ జ్ఞాపకమే. "ఇది మీ ఇష్టమేనా? ఎవరి బలవంతమూ లేదు కదా? కాదనాలనిపిస్తే ఇప్పుడే చెప్పండి. కారణం మీ ఇంట్లో చెప్పనక్కరలేదు. వైద్యపరంగా కుదరలేదని మేమే చెబుతాము." దాత ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటేనే అవయవం తీయవచ్చునని 1994నాటి అవయవ మార్పిడి చట్టం చెబుతున్నది. ఒక్కరోజు గడువు అడిగాను. మరునాడు సరే అన్నాను. ఆరేళ్లయింది. వాడు బ్రతికి ఉన్నాడు. తోటపనికి పొద్దెక్కకముందే పోయి, ఎండ ముదరకముందే వస్తున్నాడు. చేతిలో ఎప్పుడూ నీళ్లసీసా ఉంటుంది.

ఆ ఒక్కరోజు గడువే నాకు క్లోనింగుమీద అసలు పాఠం నేర్పింది. మనిషి క్లోనును పెంచి ఉంచుకుంటే అవసరానికి మూత్రపిండమో, గుండెయో దొరుకుతుంది గదా అని విద్యార్థులు తరచు అడుగుతారు. 2018లో చైనా శాస్త్రజ్ఞులు కోతులలోనే ఈ పని సాధించామని ప్రకటించినప్పటినుంచి ఆ ప్రశ్న మరీ ఎక్కువైంది. నా జవాబు ఇది. నా తమ్ముడికి నేను విడిభాగం కాను. నన్ను ఒక డాక్టరు అడిగాడు. కాదనే హక్కు నాకున్నది. ఆ హక్కు ఉన్నందువల్లనే నేను ఇచ్చినది దానమైంది. విడిభాగంకోసం పుట్టించిన మనిషిని ఏ గదిలో కూర్చోబెట్టి ఎవరు అడుగుతారు? అతడిని నకలు అని పిలిచిన మరుక్షణం అడగవలసిన అవసరం మనకు కనిపించదు. మానవ క్లోనింగు మానవగౌరవానికి తగదని 2005లో ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. మన వైద్య పరిశోధనా మండలి నియమావళి కూడా దాన్ని నిషేధించింది. ఆ నిషేధం నాకు న్యాయంగానే కనబడుతున్నది.

తోబుట్టువును మన పెద్దలు 'తోడబుట్టినవాడు' అన్నారు. క్లోనుకు ఇంతకంటె సరియైన తెలుగు మాట నాకు దొరకలేదు. క్లోను ఆలస్యంగా తోడబుట్టినవాడు. గొర్రె అయినా, గేదె అయినా అది దాని బ్రతుకు బ్రతుకుతుంది, దాని దూడను అది నాకుతుంది. డాలీ అసలు డాలీయే; మహిమకు గరిమ అసలు తల్లే.

అయితే ఒకే రెమ్మనుంచి తోటంతా పెంచడంలో ఉన్న ప్రమాదాన్ని కూడా మరువరాదు. ఇరవయ్యో శతాబ్దం నడిమిదాకా లోకమంతా తిన్న ఒక అరటిరకం అంతా క్లోనే కావడంవల్ల ఒకే తెగులుకు వాణిజ్యతోటలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని పడగొట్టిన తరువాత మరల తోటలు వేసుకున్న మనవాళ్లు ఈ విషయం ఆలోచించాలి. తోటలోనైనా, మందలోనైనా, కళాశాలలోనైనా రకరకాలవారుండడమే బలం. ఒకే ప్రాంగణంలో రెండు లిపులు నేర్పే మనకు ఇది వేరే చెప్పాలా?

కళాశాల కమిటీవారికి నావి రెండు విన్నపాలు. మొదటిది: రెండు విభాగాల విద్యార్థులనూ ఒకసారి కాకినాడకు తీసుకుపోయి హాల్డేన్ అస్థిపంజరాన్ని చూపించాలి. రెండవది ఇంకా అవసరమైనది. పలాసలో మూత్రపిండవ్యాధుల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఉద్దానంనుంచి వచ్చి చదివే ప్రతి విద్యార్థికీ ఏటా ఒకసారి క్రియాటినిన్ పరీక్ష జరిగేటట్లు కళాశాల ఏర్పాటు చేయాలి. ఈ జబ్బు ముదిరేదాకా నొప్పి తెలియనివ్వదు. నా తమ్ముడికి ఒక కవల ఉన్నాడు. అందరికీ ఉండడు.